దాచుటకు చోటు, పెరుగుటకు చోటు

కడప జిల్లా సింహాద్రిపురము ప్రాంతమున క్రొత్తగా వేసిన చీనీ తోటను చూచినవారికి మొదట కనబడునది చెట్లు కాదు, ఖాళీ నేల. మోకాలెత్తు మొక్కకును మొక్కకును నడుమ ఆరేడు గజముల ఎడము ఉండును. తెలియనివాడు ఇంత భూమి వృథా చేసినారే అనుకొనును. రైతుకు అది వృథా కాదు. కొన్నేండ్ల తరువాత కొమ్మలు చాచు చెట్టుకు ఇప్పుడే కేటాయించిన చోటు అది. అంతవరకు ఆ నడిమి నేలలో వేరుసెనగయో, మరియొక అంతర పంటయో వేసికొనును. నేలలో ఎంత భాగము రేపటి పెరుగుదలకు ఉంచవలెను, ఎంత భాగము నేటి ప్రయోజనమునకు వాడవలెను అను లెక్క అతనికి పుట్టుకతో వచ్చినదే.

ఇట్టి లెక్కయే కంప్యూటరులలోను, చేతిఫోనులలోను జరుగుచున్నది. వాని మెమరీకి చిరునామాలు ఇచ్చునప్పుడు కొంత చోటు ఖాళీగా మిగులును. ఆ ఖాళీని రెండు పనులకు కోరువారు కలరు. మున్ముందు మెమరీ పెరిగినచో అందుకై ఉంచవలెనని కొందరు. దొంగకు దారి తెలియకుండ చిరునామాలను మార్చి దాచుటకు వాడవలెనని మరికొందరు. ఇద్దరి కోరికయు న్యాయమైనదే. కాని ఉన్న చోటు ఒక్కటే. 2016 మొదలు 2025 వరకు లైనక్సు నిర్మాతలు ఈ తగవును తీర్చిన తీరు ఎంతవరకు సమంజసమో ఇచ్చట పరిశీలించవలసియున్నది.

ఇది దూరదేశపు యంత్రశాలల తగవు, పల్లెటూరి పాఠశాలకు దీనితో పని యేమని అనుకొనరాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోని 8వ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును 2022 డిసెంబరులో ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచిరి. ఆండ్రాయిడ్ ట్యాబులును, ఆండ్రాయిడ్ ఫోనులును అన్నియు లైనక్సు కెర్నెల్ పైననే నడచును. చీనీకాయలు కొన్న వ్యాపారి పంపు సొమ్ము నేడు రైతు ఫోను ద్వారా చేతులు మారుచున్నది. బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్య, ఇంటివారి ఛాయాచిత్రములు అన్నియు ఆ చిన్న పెట్టెలోనే ఉన్నవి. కెర్నెల్ రక్షణ ఎక్కడ సడలినను ఆ నష్టము సింహాద్రిపురము వరకు రాగలదు.

కెర్నెల్‌కు చిరునామా రహస్యమెందుకు?

కంప్యూటరులో నడచు కార్యక్రమములన్నిటికిని పై అధికారి వంటిది కెర్నెల్. మెమరీలో ఏ భాగము ఎవరికి చెందవలెనో, ఏ కార్యక్రమము ఎంతసేపు నడువవలెనో నిర్ణయించునది అదియే. ఆటల కార్యక్రమము పోయి బ్యాంకు కార్యక్రమపు మెమరీని తొంగిచూడకుండ అడ్డగోడ కట్టునదియు అదియే. కావున దుర్బుద్ధితో వ్రాసిన ఒక కార్యక్రమము కెర్నెల్‌ను లోబరచుకొన్నచో ఇక దానికి అడ్డు చెప్పువారు లేరు.

లోబరచుకొనుట సాధారణముగా రెండు మెట్లలో జరుగును. మొదట కెర్నెల్ వ్రాతలో ఒక తప్పు దొరకవలెను. మూడు కోట్లకు మించిన పంక్తులు గల వ్రాతలో తప్పు దొరకుట అసంభవము కాదు. ఆ తప్పును ఆసరాగా తీసికొని మెమరీలో ఒకచోట తనకు నచ్చిన విలువను వ్రాయగల అవకాశము దొంగకు చిక్కినదనుకొనుడు. అప్పుడు రెండవ ప్రశ్న వచ్చును: ఏ చోట వ్రాయవలెను? గురి ఎక్కడ ఉన్నదో తెలియనివాని చేతిలో బాణమున్నను ప్రయోజనము లేదు. తప్పు చిరునామాలో వ్రాసినచో తరచుగా యంత్రమే ఆగిపోవును, దొంగతనము బయటపడును.

పూర్వము లైనక్సు కెర్నెల్ ప్రతి ఆరంభమునందును తెలిసిన చిరునామాలోనే నిలిచెడిది. ఒక యంత్రములో నేర్చిన దారి అదే కూర్పు నడచు యంత్రములన్నిటికిని పనికివచ్చెడిది. 2014లో, లైనక్సు 3.14వ కూర్పున, కీస్ కుక్ కృషితో ఇంటెల్ తరహా యంత్రములకు ఒక క్రొత్త పద్ధతి వచ్చెను. యంత్రము ఆరంభమైన ప్రతి పర్యాయము చీట్లు తీసినట్లు కెర్నెల్ చిరునామాను మార్చుటయే ఆ పద్ధతి. దీనిని కెఎఎస్ఎల్ఆర్ అని పిలుతురు. సామాన్య కార్యక్రమములకు ఇట్టి రక్షణను 2001లోనే పాక్స్ అను బృందము చూపియుండెను. 2017లో వచ్చిన 4.12వ కూర్పు నుండి ఇంటెల్ తరహా యంత్రములలో కెఎఎస్ఎల్ఆర్ ఎవరును అడుగకనే అమలగునట్లు చేసిరి.

ఇట్టి రహస్యపు బలమును బిట్లలో కొలుతురు. ఎన్ని చోట్లలో నుండి ఒకటి ఎన్నుకొనబడునో, ఆ సంఖ్యకు 2 ఆధారముగా గల సంవర్గమానమే ఆ కొలత. రెండు చోట్లున్నచో 1 బిట్టు. 256 చోట్లున్నచో 8 బిట్లు. 1,024 చోట్లున్నచో 10 బిట్లు. ఒక బిట్టు తగ్గినదన్నచో దొంగ వెదకవలసిన చోట్లు సగమైనవని అర్థము. గణితపు తరగతిలో సంవర్గమానములు ఎందుకని అడుగు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకదు.

నడచుచుండగా మెమరీని చేర్చుట

ఇక రెండవ కోరికను చూడవలెను. బ్యాంకులకు, రైల్వే టిక్కెట్లకు పనిచేయు పెద్ద యంత్రములను ఇష్టము వచ్చినప్పుడు ఆపుటకు వీలులేదు. అట్టి యంత్రమునకు మెమరీ చాలనప్పుడు అది నడచుచుండగనే క్రొత్త మెమరీ పలకను చేర్చుట, చెడినదానిని తీయుట అవసరమగును. ఒకే పెద్ద యంత్రములో పలు కల్పిత యంత్రములను నడుపు పద్ధతి వచ్చిన తరువాత ఈ అవసరము మరింత పెరిగినది. ఒక కల్పిత యంత్రమునకు పని పెరిగినప్పుడు దానిని ఆపక మరికొంత మెమరీని అందించవలెను. ఈ సౌకర్యమునకు హాట్‌ప్లగ్ అని పేరు.

ట్యాబులో విద్యార్థి దూర్చు మెమరీ కార్డు ఇది కాదు. ఆ కార్డు పుస్తకముల బీరువా వంటిది. ఇచ్చట చెప్పు మెమరీ పుస్తకమును తెరచి చదువుకొను బల్ల వంటిది. ఫోనులలో ఈ బల్లను తయారైననాడే లోపల అతికించివేయుదురు. దానిని తరువాత ఎవరును పెంచలేరు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. విమర్శకు ఇదియే కీలకము.

రెండు కోరికలకును తగవు ఎట్లు వచ్చునో తోట లెక్కతో చూడవచ్చును. ఒక రైతుకు 6 సాళ్ళ తోట కలదు. అతని లెక్కల పుస్తకములో 0 మొదలు 255 వరకు, 256 గళ్ళు మాత్రమే ఉన్నవి. అతడు సాలు యొక్క అసలు సంఖ్యను వ్రాయక, దానికి ఒక రహస్య సంఖ్యను కలిపి వ్రాయును. రహస్యము 100 అయినచో 0వ సాలు 100వ గడిలోను, 5వ సాలు 105వ గడిలోను పడును. కాయలు దొంగిలింపదలచినవాడు గడి సంఖ్య చెప్పియే మనిషిని తోటలోనికి పంపవలెను. ఖాళీ గడి సంఖ్యను చెప్పినచో పట్టుబడును. రహస్యము 0 నుండి 250 వరకు ఏదైనను కావచ్చును గనుక దొంగకు 251 సందేహములు మిగులును. అది దాదాపు 8 బిట్ల రక్షణ.

మరుసటి ఏట రైతు ఇంకొక సాలు నాటెను. దాని అసలు సంఖ్య 6. రహస్యము 250 అయియున్నచో క్రొత్త సాలు 256వ గడిలో పడవలెను. పుస్తకములో ఆ గడి లేదు! చెట్లు నేలపై ఉన్నవి, నీరు పారుచున్నది, కాని ఆ సాలును పేరుపెట్టి పిలుచుటకు వీలులేదు. రహస్యమును మార్చుదమన్నచో అప్పటికే వేల చీటీలపై పాత సంఖ్యలు వ్రాసియున్నవి.

కెర్నెల్‌లో సరిగా ఇదియే జరుగును. మెమరీ యొక్క భౌతిక చిరునామాకు ఒకే సంఖ్యను కలిపి కెర్నెల్ తనకు కావలసిన కల్పిత చిరునామాను పొందును. యంత్రములోని మెమరీ అంతయు ఈ విధముగా ఒక వరుస పటములో కనబడును. కలుపు సంఖ్య యంత్రము ఆరంభమైన క్షణములలోనే స్థిరపడును. తరువాత మార్చుటకు వీలుపడదు. ఆనాటికి రాని మెమరీకి కూడ ఆ క్షణముననే చోటు చూడవలెను. దాచుటకు వాడిన చోటు పెరుగుటకు మిగులదు. పెరుగుటకు ఉంచిన చోటు దాచుటకు మిగులదు.

మొదటి తీర్పు: పది టెరాబైట్లు

2016లో, లైనక్సు 4.8వ కూర్పు మొదలుకొని, థామస్ గార్నియర్ ఇంటెల్ తరహా 64 బిట్ల యంత్రములలో ఈ వరుస పటమును, దానితోపాటు మరి రెండు మెమరీ ప్రాంతములను చీట్ల పద్ధతిలోనికి తెచ్చెను. సామాన్యముగా వాడు నాలుగు అంచెల అమరికలో నేడు ఈ మూడింటికి కలిపి 117.5 టెరాబైట్ల చిరునామా ప్రదేశము కలదు. వరుస పటమునకు నిండుగా ఇచ్చినచో 64 టెరాబైట్లు కావలెను. మిగిలిన రెండింటికి 32, 1. కాని ఇంటిలో వాడు యంత్రములో ఒక్క టెరాబైటు మెమరీ కూడ ఉండదు. కావున వరుస పటమునకు ఉన్న మెమరీకి తగినంత మాత్రమే ఇచ్చి, పైన కొంత అదనము చేర్చు ఏర్పాటు చేసిరి. హాట్‌ప్లగ్ గల కెర్నెల్‌కు అదనము 10 టెరాబైట్లు, లేనిదానికి సున్న. కెర్నెల్‌ను కూర్చుకొను నిపుణులు దానిని 64 వరకు మార్చుకొనవచ్చును. అదనము హాట్‌ప్లగ్‌కు ఉపయోగపడుననియు, కాని యాదృచ్ఛికతను తగ్గించుననియు ఆ అమరిక ప్రక్కనే స్పష్టముగా వ్రాసిరి.

ఈ తీర్పు మూల్యమెంతయో విద్యార్థులే లెక్కింపవచ్చును. మెమరీని పై టెరాబైటుకు సవరించి 1 అనుకొన్నచో,

అదనము లేనప్పుడు: 1 + 32 + 1 = 34; దాచుటకు మిగులు 83.5 టెరాబైట్లు.

అదనము 10 అయినప్పుడు: 11 + 32 + 1 = 44; మిగులు 73.5 టెరాబైట్లు.

వరుస పటమునకు నిండుగా ఇచ్చినప్పుడు: 64 + 32 + 1 = 97; మిగులు 20.5 టెరాబైట్లు.

మొదటి రెండింటి నిష్పత్తి 1.136. దాని సంవర్గమానము 0.18 బిట్లు. అనగా పది టెరాబైట్ల భవిష్యత్తుకు చెల్లించిన మూల్యము ఒక బిట్టులో ఐదవ వంతు కూడ లేదు. చిరునామాలు ఒక గిగాబైటు అడుగుతో మారును గనుక మూడు ప్రాంతములకును సగటున 25 వేల చోట్లు మిగిలియేయుండును. మొదటిదానికిని మూడవదానికిని నిష్పత్తి మాత్రము 4కు కొంచెము పైన. నష్టము 2 బిట్లు.

ఈ మొదటి తీర్పులో మెచ్చదగినవి రెండు గుణములున్నవి. రేపటి కొరకు ఎంత కావలెనో ఒక సంఖ్య చెప్పిరి. ఆ సంఖ్య వలన పోవునదేమో దాచకుండ చెప్పిరి. సరిహద్దు తగవులో మధ్యవర్తి గట్టు ఎక్కడ వేసినాడో అందరికిని కనబడవలెను గదా!

2019లో ఇదే మార్గమున మరియొక చిక్కును విడదీసిరి. కెర్నెల్ తాను నిలుచు భౌతిక స్థానమును కూడ చీట్లతో ఎన్నుకొనును. ఆ చీటీ పోయి తీసివేయదగిన మెమరీ పలకపై పడినచో ఇక ఆ పలకను తీయుటకు వీలులేదు. ఇల్లు కట్టిన నేలను అమ్మజూచినట్లగును. దీనికి మందు చీట్లు మానుట కాదని చావో ఫాన్ మున్నగువారు గ్రహించిరి. ఏ మెమరీ తీయదగినదో యంత్రమే తన పట్టికలలో చెప్పుచున్నది. కెర్నెల్ ఆ పట్టికను చదివి, తీయరాని మెమరీలోనే చీటీ వేయునట్లు చేసిరి. ఊహించుటకు మారుగా అడిగి తెలిసికొనిరి. రెండు కోరికలును నెరవేరినవి.

ఐనను మొదటి తీర్పు చెక్కుచెదరక నిలిచినదని చెప్పరాదు. గ్రాఫిక్స్ కార్డుల వంటి పరికరముల మెమరీ కొన్ని యంత్రములలో చాల ఎత్తైన భౌతిక చిరునామాలలో కనబడును. పది టెరాబైట్ల అదనము వానికి చాలలేదు. ఆ చిక్కు తప్పించుకొనుటకు కెఎఎస్ఎల్ఆర్‌నే పూర్తిగా ఆపివేయవలసి వచ్చుచుండెను. 2025లో బల్బీర్ సింగ్ చేసిన మార్పుతో, పరికరములు ఒకదాని మెమరీని మరియొకటి నేరుగా వాడుకొను సౌకర్యము గల కెర్నెల్‌లలో వరుస పటమును కుదించుట మానిరి. అనగా పై లెక్కలో మూడవ పంక్తి అమలులోనికి వచ్చెను. పెద్ద పంపిణీదారుల కెర్నెల్‌లలో ఆ సౌకర్యము సాధారణముగా ఉండును గనుక ఈ 2 బిట్ల నష్టము చాలమందికి తగులును. ఐనను ఒక్కొక్క ప్రాంతమునకు సగటున 7 వేల చోట్లు మిగిలినవి. నష్టమున్నది గాని సర్వనాశము లేదు.

రెండవ తీర్పు: సున్న

ఫోనులలో వాడు ఆర్మ్ తరహా 64 బిట్ల యంత్రముల చరిత్ర వేరు. 2016లోనే, 4.6వ కూర్పున, ఆర్డ్ బీస్‌హూవెల్ వానికి కెఎఎస్ఎల్ఆర్‌ను, వరుస పటమును కదలించు ఏర్పాటును తెచ్చెను. ఆరంభమున ఉన్న మెమరీని చూచి, మిగిలిన చోటులో చీటీ వేసెడివారు. తరువాత ఈ యంత్రములకు హాట్‌ప్లగ్ సౌకర్యము వచ్చెను. దానితో ఏడవ సాలు చిక్కు కూడ వచ్చెను. 2020లో ఆయనయే దానిని సవరించెను. ఆరంభమున ఉన్న మెమరీని కాక, సిపియు పలుకగల అత్యధిక భౌతిక చిరునామాను కొలతగా తీసికొనవలెనని నియమము పెట్టెను. ఆ హద్దు దాటి ఎన్నడును మెమరీ రాదు. కావున అంత చోటు విడిచి, ఇంకను మిగిలినచో దాచుటకు వాడవచ్చును.

తర్కమున లోపము లేదు. కాని ఈ నియమము ఫోనులో ఏమగునో చూడుడు. ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నెల్‌లో కల్పిత చిరునామాకు 39 బిట్లు మాత్రమే. అందువలన కెర్నెల్ వంతునకు 512 గిగాబైట్లు వచ్చును. అందు సగము, 256 గిగాబైట్లు, వరుస పటము. సిపియు 40 బిట్ల భౌతిక చిరునామాను పలుకగలదనుకొన్నచో దాని హద్దు 1,024 గిగాబైట్లు. అనగా 256 గళ్ళ పుస్తకములో 1,024 సాళ్ళకు చోటు విడువుమని శాసనము! మిగులు ఋణసంఖ్య. రహస్యము సున్న. 8 గిగాబైట్ల మెమరీని లోపల అతికించిన ఫోను, ఎన్నటికిని రాని 1,024 గిగాబైట్ల కొరకు తన రహస్యమంతయు ధారపోయవలసి వచ్చెను.

2025లో ఆర్డ్ బీస్‌హూవెల్ ఈ ఏర్పాటును పూర్తిగా తొలగించెను. ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో అది ఎన్నడును పనిచేయుట లేదనియు, 48 బిట్ల చిరునామాలు గల పెద్ద యంత్రములలో కూడ క్రొత్త సిపియుల హద్దు పెరుగుచుండుటచే పాత యంత్రములకే పరిమితమగుచున్నదనియు ఆయన చూపిన కారణము. నిజముగా అవసరమున్నచో మెరుగైన రూపమున మరల తేవచ్చునని కూడ ఆయన అభిప్రాయము. నాటినవాడును, అంటు మార్చినవాడును, కొట్టివేసినవాడును ఒక్కరే.

అదే ఏట నవంబరులో గూగుల్ వారి ప్రాజెక్టు జీరో బృందమునకు చెందిన సేథ్ జెన్కిన్స్ దీని ఫలితమును బయటపెట్టెను. కెర్నెల్‌కు దాని సొంత చిరునామా ఒకటి కలదు. అది ఇప్పటికిని చీట్లతో మారుచునే ఉన్నది. కాని కెర్నెల్ నిలిచిన మెమరీ వరుస పటములో కూడ కనబడును. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు! ముందరి వాకిలి ప్రతి రాత్రియు చోటు మార్చుచుండగా, పెరటి వాకిలి కదలక నిలిచియున్నది. పిక్సెల్ ఫోనులలో కెర్నెల్‌ను ప్రతి పర్యాయము ఒకే భౌతిక స్థానమున దించుచున్నారని ఆయన చూపెను. భౌతిక స్థానము తెలిసినది, కలుపు సంఖ్య మారనిది; ఇక కూడిక చేయుటకు ఏ విద్య కావలెను? పెరటి వాకిలి నుండి కెర్నెల్ వ్రాతను నడుపుటకు వీలులేకున్నను, దాని దత్తాంశములను చదువుటకు, మార్చుటకు ఈ చిరునామా పనికివచ్చును. ఈ రెండు విషయములను ఆయన లైనక్సు కెర్నెల్ వారికిని, పిక్సెల్ వారికిని విడివిడిగా తెలుపగా, రెండును తాము ఉద్దేశించిన రీతినే ఉన్నవని వారు భావించిరి.

తీర్పులోని గుణదోషములు

మొదట న్యాయముగా ఆ తీర్పు పక్షమున చెప్పదగినది చెప్పవలెను. చేర్చిన మెమరీ కనబడకపోవుట నిశ్చయమైన దోషము. చిరునామా తెలియుట సంభావ్యమైన అపాయము. యంత్రమును సరిగా నడిపించుట నిర్మాత మొదటి ధర్మము. పైగా ఫోనులో పోయిన రహస్యము పెద్దది కాదు. వరుస పటము 256 గిగాబైట్లు, అడుగు ఒక గిగాబైటు. ఎంత పొదుపు చేసినను 8 బిట్లకు మించదు. చిరునామాను దాచుట గట్టి రక్షణ కాదని 2013లోనే గ్ర్‌సెక్యూరిటీకి చెందిన బ్రాడ్ స్పెంగ్లర్ తీవ్రముగా విమర్శించెను. ఆ ఏటనే హుండ్, విల్లెమ్స్, హోల్జ్ అను పరిశోధకులు యంత్రము జవాబిచ్చు కాలమును కొలిచి ఈ రహస్యమును కనుగొనవచ్చునని చూపిరి. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ దోషము కెర్నెల్ మెమరీనే చదివించెను. సందుగల గోడకు తాళము పెద్దదైన నేమి, చిన్నదైన నేమి అని అడుగువారి మాటలో కొంత నిజమున్నది.

ఐనను ఆ తీర్పును ఒప్పుకొనలేని కారణములు మూడు కలవు.

మొదటిది కొలత. చీనీ మొక్కకు ఎడము విడుచునప్పుడు రైతు ఆ చెట్టు ఎంత పెరుగునో చూచును గాని, లోకములో ఏ చెట్టైనను ఎంత పెరుగగలదని మర్రిచెట్టు కొలత తీసికొనడు. ఆర్మ్ నియమము యంత్రపు అవసరమును కాక సిపియు శక్తిని కొలిచెను. ఇంటెల్ తరహా యంత్రములకు 2016లో చేసినట్లు, కూర్చువాడు నిర్ణయించు ఒక సంఖ్యను ఇచ్చట పెట్టలేదు. 2019లో చేసినట్లు యంత్రమును అడిగి తెలిసికొనలేదు. మెమరీ పెరుగని ఫోనులో కూడ హాట్‌ప్లగ్ ఉన్న కెర్నెల్‌ను వాడవలసివచ్చుట నిజమే. అన్ని ఫోనులకు ఒకే ఉమ్మడి కెర్నెల్ ఉండుటచే తప్పుల దిద్దుబాట్లు త్వరగా చేరుచున్నవనుటయు నిజమే. కాని కెర్నెల్ ఒకటైనంత మాత్రమున కొలత ఒకటి కానక్కరలేదు. ఆ ఫోనులో ఎంతవరకు మెమరీ పెరుగగలదో తయారుచేసినవానికి తెలియును. ఆ ఒక్క సంఖ్యను ఆరంభమున కెర్నెల్‌కు చెప్పు మార్గము ఉండవలసినది.

రెండవది మౌనము. 2020 మార్పు తరువాత అయిదేండ్లు ఆర్మ్ కెర్నెల్‌లో ఈ ఏర్పాటు వ్రాతలో ఉన్నది, ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేయలేదు. అమరికల పట్టికలో కెఎఎస్ఎల్ఆర్ ఉన్నదనియే కనబడుచుండెను. వ్రాత అందరికిని బహిరంగమే. చదువగలవాడు చదివి తెలిసికొనవచ్చును. కాని దుకాణము మూసియుండగా బోర్డు వ్రేలాడుచున్నచో వచ్చినవాడు మోసపోడా? రక్షణ లేకపోవుట కంటె, ఉన్నదను భ్రమ ప్రమాదకరము. ఈ దృష్టితో చూచినచో 2025లో దానిని తొలగించుట నిజాయితీగల పని. ఆ నిజాయితీ 2020లోనే రావలసియుండెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. వరుస పటము కదలకుండుట ఒక్కటియే అయినచో అంత నష్టము లేదు. కెర్నెల్ ఒకే భౌతిక స్థానమున దిగుట ఒక్కటియే అయినను అంత నష్టము లేదు. రెండును కలిసినప్పుడే కూడిక సులభమగుచున్నది. ఇందులో మొదటిది కెర్నెల్ వారి నిర్ణయము, రెండవది ఫోను తయారుచేయువారి నిర్ణయము. ఎవరి హద్దులో వారిది ఉద్దేశించినదే, సబబైనదే. రెండు హద్దుల నడుమ పడిన సందునకు మాత్రము యజమాని లేడు. రెండు పొలముల నడిమి గట్టు తెగినప్పుడు ఇరుగుపొరుగు రైతులిద్దరును తమ పొలములు బాగున్నవని చెప్పినంత మాత్రమున నీరు ఆగునా?

ఈ మూడింటి ఫలితముగా మూల్యము చెల్లించునది ఎవరు? నడచుచుండగా మెమరీ పెరుగుటచే లాభము పొందునది పెద్ద యంత్రముల యజమాని, కల్పిత యంత్రములను నడుపువాడు. రహస్యము పోయి నష్టపడునది మెమరీ ఎన్నడును పెరుగని ఫోను గలవాడు. లాభము ఒకరిది, చెల్లింపు మరియొకరిది అయినప్పుడు ఆ లెక్కను బహిరంగముగా వ్రాయుట మరింత అవసరము.

ఇది చదివి తమ ట్యాబులన్నియు తలుపులు తెరచియున్నవని ఉపాధ్యాయులు గాని విద్యార్థులు గాని భయపడనక్కరలేదు. చిరునామా తెలిసినంత మాత్రమున ఎవరును లోపలికి రాలేరు. మొదటి మెట్టు, అనగా కెర్నెల్‌లో ఒక తప్పు, దొరకియే తీరవలెను. ఆ తప్పులను దిద్దు కూర్పులను వచ్చిన వెంటనే చేర్చుకొనుట, తెలియనిచోటి కార్యక్రమములను తెచ్చి పెట్టుకొనకుండుట వాడువాని చేతిలో ఉన్న రక్షణ. తక్కినది నిర్మాతల చేతిలో ఉన్నది. కెర్నెల్ దిగు భౌతిక స్థానమును చీట్లతో మార్చినచో కూడికలో ఒక సంఖ్య మరల రహస్యమగును. ఫోనులో హాట్‌ప్లగ్‌కు దానివలన వచ్చు అడ్డు లేదు. సందును పూడ్చుటకు ఇది దగ్గరి దారి.

తరగతిలో ఈ విషయమును చెప్పదలచిన ఉపాధ్యాయునికి 256 గళ్ళు గీసిన ఒక కాగితము చాలును. ఒక విద్యార్థి 6 గళ్ళ వరుసను రహస్యముగా ఎక్కడనో గుర్తించవలెను. మరియొకడు ఆ వరుస ఆరంభమును ఊహింపవలెను. తరువాత వరుసకు పైన 100 గళ్ళు రేపటి కొరకు విడువవలెనని నియమము పెట్టి ఆట మరల ఆడింపవలెను. ఆరంభమునకు 251 చోట్లకు మారుగా 151 మాత్రమే మిగులును. తరువాత 250 గళ్ళు విడువుమనవలెను. అప్పుడు ఊహింపవలసినదే ఉండదు. సంవర్గమానము, సంభావ్యత, కంప్యూటరు రక్షణ మూడును ఒకే కాగితముపై తెలియును.

సింహాద్రిపురపు రైతు క్రొత్త తోటలో ఎడము విడుచునప్పుడు, ఆ ఎడము వలన ఈ ఏట ఎన్ని బస్తాల వేరుసెనగ తగ్గునో అతనికి తెలియును. తెలిసియే విడుచును. రేపటికై నేటిని కొంత త్యాగము చేయుట తప్పు కాదు. ఎంత త్యాగము చేయుచున్నారో కొలువకుండుట, కొలిచియు చెప్పకుండుట తప్పు. 2016లో పది టెరాబైట్ల గట్టు వేసినవారు కొలిచి చెప్పిరి. 2020లో సిపియు హద్దును కొలతగా తీసికొన్నవారు ఫోనుకు మిగులునదేమో చెప్పలేదు. రెండు తీర్పులకును నడుమ భేదము బిట్లలో కంటె ఈ ఒక్క విషయములోనే ఎక్కువగా ఉన్నది.